ముందు మస్టరు, తర్వాతే వకీలు

(వరాహగిరి వెంకటగిరి స్మారకోపన్యాసం పాఠం)



ముందు వరుసల్లో తెనాలి పప్పు మిల్లుల, బియ్యం మిల్లుల యజమానులు కూర్చున్నారు. బాపట్ల నుంచి కాలేజీలు, ఆసుపత్రులు నడిపేవారు వచ్చారు. రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు ఉన్నవారు వచ్చారు. వెనక ముఠా మేస్త్రులు, యూనియన్ కార్యకర్తలు కూడా కనిపిస్తున్నారు. గిరి గారి పేరు మీద జరిగే సభకు రెండు వైపుల వారూ రావడం నాకు చాలా సంతోషం. కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఇవాళ నా మాటలు ఎక్కువగా యజమానులకే.

కేంద్రం నాలుగు కార్మిక కోడ్లను 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. వాటిలో మనకు ఇవాళ కావలసింది పారిశ్రామిక సంబంధాల కోడ్. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మూడూ అందులో కలిసిపోయాయి. పార్లమెంటు 2020 సెప్టెంబరులోనే ఆమోదించినా ఐదేళ్లు అమలుకు నోచుకోలేదు. వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నవారే ఎక్కువ. ఇప్పుడు వచ్చింది. అప్పటినుంచి ఫోన్ చేసిన ప్రతివారూ అడిగే మొదటి ప్రశ్న, "మనకు మూడొందల మంది లేరు కదండీ, మనకేం వర్తించదుగా?" రెండోది, "మంచి వకీలెవరైనా ఉన్నారా?" సిద్ధపడటం అనే పనిని ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే గిరి గారి దగ్గరికి వెళ్లాలి. ఈ చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైన సెక్షన్ ఆయన జీవితకాలం కొట్లాడిన విషయం గురించే.

గిరి గారు 1894లో బరంపురంలో పుట్టారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ వెళ్లి డబ్లిన్‌లో చేరారు. ఆ ఏడాదే డబ్లిన్ యజమానులు ఒక్కటై కార్మికులను గేటు బయట నిలబెట్టారు. జిమ్ లార్కిన్ నడిపే యూనియన్‌తో సంబంధం పెట్టుకోనని కాగితం మీద సంతకం చేసినవాడికే పని అన్నారు. దాదాపు 20 వేల మంది నెలల తరబడి కూలి లేకుండా ఉన్నారు. 1914 మొదట్లో, ఇంట్లో పిల్లల ఆకలి చూడలేక, చాలామంది తిరిగి పనిలోకి వెళ్లారు. ఆ పూటకు యజమానులదే గెలుపు. కొద్దేళ్లు తిరక్కుండానే అదే యూనియన్ ఐర్లండ్‌లో అంతకు ముందెన్నడూ లేనంత పెద్దదైంది. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయని 1916లో గిరి గారిని అక్కడినుంచి పంపేశారు. తిరిగొచ్చిన బారిస్టరు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య పని మొదలుపెట్టారు.

ఆ డబ్లిన్ సంతకం లాంటిది మన దగ్గరా ఉంది. పనిలో చేరే రోజున తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు నా ఉద్యోగకాలంలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల చూశాను. రేపు గొడవ పెడితే దాని మీదే రాజీనామా రాసుకోవచ్చని. అలాంటి కాగితాలు ఇంకా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఇవాళ రాత్రే చించేయండి. యూనియన్‌లో చేరితే పని తీసేస్తామని బెదిరించడం కొత్త కోడ్ రెండో షెడ్యూలులో అన్యాయపు కార్మిక చర్య. యజమాని చేస్తే 10 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. జరిమానా సంగతి అటుంచండి. బీరువాలో ఆ కాగితం ఉందని పనివాడికి తెలుసు. అది ఉన్నంతకాలం మీరు చెప్పే ఏ మాటనూ అతను నమ్మడు.

మన ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. దేశంలో క్రమపద్ధతిలో నడిచిన తొలి కార్మిక సంఘంగా చెప్పుకునే మద్రాసు లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్‌లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులతోనే పుట్టింది. యాజమాన్యం హైకోర్టుకు వెళ్లి, సంఘం అధ్యక్షుడు బి.పి. వాడియా మీద ఇంజంక్షన్ తెచ్చుకుంది. కార్మికులను కూడగట్టడమే నేరమైంది. చివరకు వాడియా ఆ ఉద్యమం నుంచి తప్పుకోవలసి వచ్చింది. దాంతో దేశమంతా ఆలోచనలో పడింది. ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం తెచ్చారు. ఐదేళ్లకు 1926 చట్టం వచ్చింది. న్యాయమైన యూనియన్ పని చేసినందుకు కుట్ర కేసు, నష్టపరిహారపు దావా పెట్టకుండా ఆ చట్టం ఇచ్చిన రక్షణ కొత్త కోడ్‌లోనూ ఉంది. అంటే సంఘం పెట్టుకునే హక్కు 1926లోనే వచ్చింది. రానిదల్లా గుర్తింపు. యూనియన్ రిజిస్టరు కావచ్చు, దానితో కూర్చుని మాట్లాడి తీరాలని యజమానికి మాత్రం కేంద్ర చట్టం చెప్పలేదు. 1947లో తప్పనిసరి గుర్తింపు కోసం సవరణ చేశారు. పార్లమెంటరీ చరిత్రలో నన్ను బాధపెట్టే విషయాల్లో అదొకటి, ఆ సవరణను ఎన్నడూ అమల్లోకి తేలేదు.

గిరి గారు 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ప్రతి తగాదానూ ట్రిబ్యునల్‌కు పంపడం మాని, ఇరుపక్షాలూ ముఖాముఖి కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. కోర్టులో గెలిచినవాడూ ఓడినవాడూ ఉంటారు, మర్నాడు ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేయాలి కదా అన్నది దాని సారం. దానికి గిరి పద్ధతి అనే పేరే పడింది. తోటి మంత్రులు, యజమానులే కాదు, కార్మిక సంఘాల్లో కొందరూ ఒప్పుకోలేదు. బలహీనమైన యూనియన్ బల్ల దగ్గర ఏం గెలుస్తుందని వాళ్ల భయం. ఆ భయంలోనూ నిజముంది. ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. 1954లో ఆయన పదవికి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్లను అంతగా ఇష్టపడని మనిషి, ట్రిబ్యునల్ మాటను ప్రభుత్వం తుంచినందుకు మంత్రి పదవి వదులుకున్నారు. ఇచ్చిన మాట అటూ ఇటూ కాకూడదన్న పట్టుదల అది.

ఇక కొత్త కోడ్‌కు వద్దాం. పద్నాలుగో సెక్షన్ చెప్పేది ఇది. మీ సంస్థలో రిజిస్టరైన యూనియన్ ఒక్కటే ఉంటే, నియమాలకు లోబడి దాన్ని సంప్రదింపుల యూనియన్‌గా గుర్తించాలి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే, మస్టరు రోలులో, అంటే హాజరు పట్టీలో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న దానితో మాట్లాడాలి. ఎవరికీ 51 రాకపోతే, 20 శాతానికి తక్కువ కాకుండా మద్దతున్న సంఘాలతో సంప్రదింపుల మండలి వేయాలి. ప్రతి 20 శాతానికీ ఒక ప్రతినిధి. గుర్తింపు మూడేళ్లు ఉంటుంది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మొత్తం ఐదేళ్ల దాకా. లెక్క తేల్చే పద్ధతి నియమాల్లో ఉంటుంది. మన మిల్లులకు, ఆసుపత్రులకు ఆ నియమాలు రాసేది రాష్ట్రం. వాటిని దగ్గర పెట్టుకోండి.

బ్యాలెట్ పెట్టి గుర్తింపు తేల్చడం తెలుగువాళ్లకు కొత్త కాదు. సింగరేణిలో ఒకప్పుడు లెక్కకు మించిన సంఘాలు, ఏడాదికి వందల సమ్మెలు. ఎవరితో ఒప్పందం చేసుకున్నా మర్నాడు ఇంకొకరు గని ఆపేవారు. 1998 నుంచి అక్కడ రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఓడినవాళ్లు ఓటమి ఒప్పుకున్నారు, గని నడిచింది. ఎవరితో మాట్లాడాలో తెలియడం యజమానికి ఎంత మేలో అక్కడి అధికారులను అడిగితే చెబుతారు.

నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఈ సెక్షన్‌లోని ఒక చిన్న మాటలో ఉంది. మస్టరు రోలు. 51 శాతమైనా, 20 శాతమైనా దాని మీదే లెక్క. ఇవాళ్టి నుంచి మీ మస్టరు ఓటర్ల జాబితా లాంటిది. దాన్ని రాసేది మీ గుమస్తా. ఎంత పెద్ద బాధ్యత మీ చేతికొచ్చిందో ఆలోచించండి.

తెనాలిలో ఒక పప్పు మిల్లు ఆఫీసు గదిలో హమాలీ రేట్ల ఒప్పందం జరుగుతుంటే చూసే అవకాశం నాకు కలిగింది. యజమాని, ఆయన తమ్ముడు ఒక వైపు, ముఠా మేస్త్రి, ఇంకో నలుగురు ఒక వైపు. గుమస్తా కాగితం మీద ఒక్కొక్క పని రాస్తున్నాడు. లారీ నుంచి బస్తా దించితే ఎంత, కాటా వేస్తే ఎంత, గోడౌనులో నెట్టు వేస్తే ఎంత, తలెత్తు దాటి పైకి వేస్తే అదనంగా ఎంత. బస్తాకు పావలా దగ్గర మాట ఆగిపోయింది. టీలు వచ్చాయి, మళ్లీ వచ్చాయి. ఒక ముసలి హమాలీ లేచి, వానాకాలంలో మినుముల బస్తా తేమకు బరువెక్కుతుందని, దానికి లెక్కేదని అడిగాడు. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. యజమాని కాసేపు ఆలోచించి ఆ పావలాకు సరేనన్నాడు. కాగితమంతా పైకి చదివించుకుని సంతకాలు, వేలిముద్రలు వేశారు. గడువు తీరేదాకా ఆ మిల్లులో రేటు మీద ఒక్క గొడవ రాలేదు. గిరి గారు రెండేళ్లు ప్రయత్నించినా ఢిల్లీలో ఒప్పించలేకపోయిన పద్ధతి అదే. మన ఊళ్లలో ఏ చట్టమూ చెప్పకుండానే నడుస్తోంది.

కానీ ఆ మిల్లు మస్టరులో వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. జీతం మీద ఉన్న ఆపరేటర్లు, డ్రైవర్లు, పప్పు బాగుచేసే ఆడవాళ్లలో కొందరు, అంతే. హమాలీలు "ముఠా మనుషులు". ఒకాయన మెట్టు జారి నడుం విరిగితే మిల్లు ముఠాను చూపించింది, ముఠా లారీవాణ్ని చూపించింది. ఇలా జరిగింది ఒక్క చోట కాదు.

కొత్త లెక్కలో పేరు లేనివాడు 51 శాతంలోకి రాడు. కొందరికి ఇది సౌకర్యంగా కనిపిస్తుంది. కోరి పేర్లు ఎక్కించి యూనియన్‌ను ఎందుకు తెచ్చుకోవడం అని. ఆఫీసుకు నచ్చిన పదిమంది పేర్లతో ఒక సంఘం పెట్టించి, దాన్ని గుర్తించేస్తే పనయిపోతుందని సలహా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఆ దారిన వెళ్లకండి. యజమాని ప్రాయోజిత యూనియన్ కూడా రెండో షెడ్యూలులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, బస్తా మోసేవాడు కాదన్న రోజున మీరు ఎవరితో ఒప్పందం చేసుకున్నా లారీ కదలదు. కాబట్టి మొదటి పని ఇది. మీ ఆవరణలో ఏడాదిలో 240 రోజులు పనిచేసే ప్రతి మనిషి పేరూ ఏదో ఒక రిజిస్టరులో ఉండాలి, మీదైనా, కాంట్రాక్టరుదైనా. ప్రతివారికీ నియామక పత్రం ఇవ్వాలి. కొత్త కోడ్లలో అదీ తప్పనిసరే. బట్వాడా రోజున మస్టరును గోడకు అంటించండి. పేరు తప్పిపోయినవాడు అప్పుడే వచ్చి చెబుతాడు.

బయటి నాయకుడితో మాట్లాడం అనే మాట కూడా తరచుగా వింటుంటాను. గిరి గారు రైలింజను నడపలేదు, బొగ్గు వేయలేదు, ఆయన బారిస్టరు. అయినా రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. సంఘం కార్యవర్గంలో ఆ సంస్థలో పనిచేయనివారు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతవరకు ఉండవచ్చునని చట్టమే చెబుతోంది. మాట్లాడండి.

మూడొందల సంగతి. ఆ అంకె ముఖ్యంగా రెండు చోట్ల ఉంది. స్టాండింగ్ ఆర్డర్లు 300 మంది ఉన్న సంస్థలకే వర్తిస్తాయి. లేఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంటుకు, మూసివేతకు ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి కూడా 300 మంది ఉన్న ఫ్యాక్టరీలకే. ఇంతకుముందు కేంద్ర చట్టంలో ఈ గీత 100 దగ్గర ఉండేది. ఈ మార్పు నాకు ఇష్టం లేదు. ఆ గీత జరగడం వల్ల ఎందరో కార్మికుల నెత్తిన ఉన్న గొడుగు పోయింది. అయినా చట్టం చట్టమే, కాకపోతే దాన్ని పూర్తిగా చదవండి. అనుమతి అక్కర్లేదంటే నోటీసు అక్కర్లేదని కాదు. ఏడాది పనిచేసినవాణ్ని తీసేయాలంటే ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవాడు ముందు వెళ్లాలి. పునర్నైపుణ్య నిధికి మరో 15 రోజుల జీతం కట్టాలి. ఏడాదిలోపు మళ్లీ మనుషులు కావాలంటే పాతవాళ్లనే ముందు పిలవాలి. 50 మంది పైబడిన సంస్థ మూసేస్తే 60 రోజుల ముందు నోటీసు.

ఇది రేపల్లె వాళ్లు జాగ్రత్తగా వినాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర తూలిపోవడం మీరంతా చూశారు. అలాంటి రోజున "రేపట్నుంచి రావద్దు" అనడం సులువు. ఐసు ఫ్యాక్టరీలో, ప్రాసెసింగ్ షెడ్డులో పనిచేసేవాడికి ఆ మాట అర్ధాంతరంగా తెలియకూడదు. ధర పడితే షిఫ్టులెలా తగ్గుతాయి, ఎవరి పని ముందు ఆగుతుంది, ఆ రోజులకు ఎంత ఇస్తారు అన్నది మంచి రోజుల్లోనే యూనియన్‌తో రాసుకోండి. నిర్ణీత కాలానికి మనుషులను పెట్టుకునే వీలు కోడ్ ఇచ్చింది. అయితే వాళ్లకూ పర్మనెంటు వాళ్లతో సమానమైన జీతం, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ ఉన్నాయి. చవకగా వస్తారని ఆ దారి పట్టకండి.

300 లోపు ఉన్నవాళ్లు స్టాండింగ్ ఆర్డర్లు లేవని సంతోషించడంలోనూ ఒక పొరపాటుంది. తప్పు చేసిన పనివాడి మీద చర్య తీసుకోవాలంటే, ఏది తప్పు, విచారణ ఎలా జరగాలి అన్నది ఎక్కడో రాసి ఉండాలి. లేకపోతే ట్రిబ్యునల్ ముందు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. నమూనా స్టాండింగ్ ఆర్డర్లను తెలుగులో రాయించి, యూనియన్‌తో చదివించి, మీ అంతట మీరే పెట్టుకోండి.

సమ్మె విషయంలో మార్పు పెద్దది. ఇదివరకు ప్రజోపయోగ సేవల్లోనే ముందస్తు నోటీసు అడిగేవారు. ఇప్పుడు ఏ పారిశ్రామిక సంస్థలోనైనా 14 రోజుల ముందు చెప్పాలి. రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం, ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకు మించి ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మే. 2025 నవంబరు 26న కేంద్ర కార్మిక సంఘాలు ఈ కోడ్ల మీద దేశమంతా నిరసన తెలిపాయి. వాటి అభ్యంతరాల్లో ఇది ముఖ్యమైనది, నా దృష్టిలో న్యాయమైనది. బ్రిటన్‌లో 2025 డిసెంబరులో వచ్చిన చట్టం సమ్మె నోటీసును 14 రోజుల నుంచి 10కి తగ్గించింది. మనం ఎదురు దిశలో వెళ్లాం.

యజమానులారా, ఈ సెక్షన్‌ను అండగా భావించి నిశ్చింతగా కూర్చోకండి. ఆ 14 రోజులు మాట్లాడుకోవడానికి ఉన్నవి. నోటీసు అందిన మర్నాడే, డబ్బు విషయంలో సరే అనగల అధికారమున్న మనిషిని చర్చకు పంపండి. రాజీ అధికారి దగ్గరికి ఏ అధికారమూ లేని గుమస్తాను పంపి వాయిదా అడగడం ఎన్నోసార్లు చూశాను. వాయిదా పడ్డ కొద్దీ కోపం పెరిగింది. పైగా మీ చేతులూ కట్టేశారు. రాత్రికి రాత్రి గేటుకు తాళం వేసే రోజులు పోయాయి. లాకౌట్‌కూ అదే 14 రోజుల నోటీసు, నోటీసు లేని లాకౌట్‌కు 50 వేల నుంచి లక్ష దాకా జరిమానా.

బాపట్ల కాలేజీల వారికి ఒక్క మాట. టీచర్లు పాత పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో కార్మికులు కారని 1988లో సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మసేవా సంస్థలను పరిశ్రమ నిర్వచనం నుంచి కోడ్ తీసేసింది. అంతమాత్రాన బస్సు డ్రైవరు, హాస్టలు వంటమనిషి, ల్యాబు అటెండరు మీ బాధ్యత కారనుకోవద్దు. ఫీజు తీసుకుని నడిపే సంస్థ ధర్మసేవ అవునా కాదా అన్న తగాదా ఏళ్ల తరబడి కోర్టుల్లో నడుస్తుంది. ఈలోగా బస్సు నడవాలి.

చివరగా ఫిర్యాదుల పరిష్కార కమిటీ. 20 మంది ఉంటే చాలు, వేసి తీరాలి. తెనాలిలో సగం మిల్లులకు ఇది వర్తిస్తుందని నా అంచనా. యజమాని వైపు ఎంతమందో కార్మికుల వైపూ అంతమంది, మొత్తం పదికి మించకుండా. ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లో తేల్చాలి. కార్మిక ప్రతినిధుల్లో సగం కంటే ఎక్కువ మంది ఒప్పుకోకపోతే అది నిర్ణయమే కాదు. సంస్థలో ఆడవాళ్లు ఎంతమందో ఆ నిష్పత్తిలో కమిటీలోనూ ఉండాలి. పప్పు మిల్లుల్లో పప్పు బాగుచేసేది ఆడవాళ్లే కాబట్టి మీ కమిటీల్లో వాళ్లు తప్పక ఉండాలి. ఆ మేరకు పేర్లు ఇప్పుడే అడిగి రాసుకోండి. వాళ్లకు వీలైన వేళకు, మధ్యాహ్నం బువ్వ తినే వేళ కాకుండా, పని గంటల్లోనే సమావేశం పెట్టండి, ఆ గంటకు కూలి కోయకండి. అధ్యక్ష స్థానం ఏడాదికొకసారి యజమానికీ కార్మికులకూ మారుతూ ఉంటుంది. మొదటి ఏడాది ఎవరిదన్నది మీ ఇష్టం. దాన్ని ఆ ఆడవాళ్లలో ఒకరికి ఇవ్వమని గిరి గారి పేరు మీద మిమ్మల్ని అడుగుతున్నాను.